లెక్కల డబ్బాలో ఏడో మిషను

ఫెబీ నల్లరాళ్ళపల్లె చేరేసరికి సురేష్ కేసు తేల్చేసి ఉన్నాడు. దొంగ ఎవరో తెలిసింది, ఎలా చేశాడో తెలిసింది, రిపోర్టు ప్రింటయి ప్లాస్టిక్ కవరులోకి కూడా చేరింది. పోయిన మిషను ఎక్కడుందన్న చిన్న విషయం ఒక్కటే మిగిలింది. దాన్ని అతను పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

"రండి మేడం. మీరు సంతకం పెడితే అయిపోతుంది," అని వరసగా తుమ్మాడు.

తప్పు అతనిది కాదు. వాళ్ళ పక్కనున్న ఇనప కంటైనర్ వెనక గోడకు పెద్ద ఫ్యాన్లు ఉన్నాయి. వాటిలోంచి పగలంతా వేడిగాలి కొడుతుంది. ఊరి ఆడవాళ్ళు ఆ గాలికి పట్టాలు పరిచి మిరపకాయలు ఎండబెట్టుకున్నారు. ఆ ఘాటుకు అలవాటుపడ్డ ఊరివాళ్ళు నిమ్మళంగా ఉన్నారు. కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి దిగిన రికవరీ ఆఫీసరు సురేష్ మాత్రం పొద్దుటి నుంచీ ఏడుస్తున్నవాడిలా కళ్ళు తుడుచుకుంటూ నేరపరిశోధన చేస్తున్నాడు.

కొనకనమిట్ల దాటి ఈ ఊరికొచ్చేసరికి కరెంటు లైను అలిసిపోతుంది. బల్బు వెలుగుతుందిగానీ మోటారు తిరగదు. అందుకని ఊరి చివరి బంజరులో ఒక కంపెనీ సోలార్ ప్యానెళ్ళు వేసి, పక్కనే ఈ కంటైనర్ దించింది. లోపల బిట్‌కాయిన్ మిషన్లు. ఊరికి అక్కర్లేని మిట్టమధ్యాహ్నపు కరెంటు తిని అవి ఎవరికీ అర్థంకాని లెక్కలు చేస్తాయి. సంపాదన కంపెనీది. బదులుగా రాత్రి దీపాలకు బ్యాటరీలు, నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసేసే ప్లాంటు కంపెనీ నడుపుతుంది. ఊళ్ళో దీన్ని లెక్కల డబ్బా అంటారు. శనివారం సాయంత్రం ఆ డబ్బాలోంచి ఏడో మిషను మాయమైంది.

ఒప్పందంలో ఒక మాట ఉంది. ఊరివాళ్ళే దొంగతనం చేసినట్టు తేలితే కంపెనీ డబ్బా ఎత్తుకుపోవచ్చు. తేల్చడానికి రెండు సంతకాలు కావాలి, కంపెనీ మనిషిది ఒకటి, ఊరు పెట్టుకున్న మనిషిది ఒకటి. ఊరు ఫెబీని పెట్టుకుంది.

పెట్టుకున్నది నీళ్ళ కమిటీ ప్రెసిడెంటు కృష్ణమ్మ. ఆ పొద్దున మార్కాపురంలో, పలకల దుకాణం మేడమీద ఫెబీ నడిపే మనోనేత్ర డిటెక్టివ్ ఏజెన్సీ మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చింది. ఫ్లోరైడు నీళ్ళు తాగిన మోకాళ్ళు ఆమెవి, వంగవు. ఏజెన్సీలో రెండో కుర్చీకి కాలు విరిగి చాలాకాలమైంది. పలకల పెట్టె మీద ఒక గోనెమూట ఉంటే ఫెబీ దానిమీద తువ్వాలు పరిచింది. కృష్ణమ్మ కూర్చుని, "కుదురుగా ఉండాది పాపా, కుర్చీ కంటే నయం," అంది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. "ఆ డబ్బా పోతే మళ్ళీ బోరునీళ్ళే. నాకేమి, నా కాళ్ళు ఎట్లనూ పోయినాయి. ఇప్పుడిప్పుడే ఊళ్ళో పిలకాయలకు తెల్లపండ్లు వస్తా ఉండాయి. అవి పోగొట్టమాక."

ఆ మూట మేనత్త మార్తమ్మది. ఆదివారం రాత్రి ఏదో ఊరి నుంచి వస్తూ తెచ్చి పడేసింది. ఏ ఊరో చెప్పింది, ఫెబీ వినలేదు. పరాయివాళ్ళ మాటల్లో ఊపిరి తేడాని కూడా పసిగట్టే మనిషి మేనత్త మాటలు మాత్రం చెవిదాకా రానివ్వదు. దీనికి మనస్తత్వశాస్త్రంలో పేరుందని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన లాభం లేదనీ తెలుసు. "ప్రార్థన చేసుకుని విప్పు, దీవెన," అని పోయింది అత్త. ఫెబీ ప్రార్థన మానేసి ఏళ్ళయింది. చెయ్యకుండా విప్పితే అత్తకి అబద్ధం చెప్పాలి. విప్పడం కోసం చేస్తే ఇంకెవరికో చెప్పినట్టు. అందుకని మూట అలాగే ఉంది. ఆకారం చూస్తే కుట్టుమిషను తలలా ఉంది. మనుషుల గుట్లు విప్పే పని మాని జాకెట్లు కుట్టుకోమని అత్త చెప్పే మాటే, ఈసారి ఇనుముతో చెప్పినట్టుంది.

*

దొంగ అని తేలిన గిద్యోను బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. డబ్బాకి కావలి అతనే.

"తాళం పగల్లేదు," అన్నాడు సురేష్. "తాళంచెవి ఇతని మొలతాడుకే ఉంటుంది. మిషను శనివారం ఆగిపోయింది. సోమవారం కంపెనీ ఫోన్ చేసేదాకా ఇతను నోరు విప్పలేదు. ఇంకేం కావాలి మీకు?"

"మిషను."

"అడగలేదనుకుంటున్నారా? ఎవరు దొంగిలించారు అని అడిగితే కళ్ళు ఎడమవైపు తిప్పాడు. ఎన్నిసార్లు అడిగినా ఎడమవైపే. నేను దీనిమీద కోర్సు చేశాను మేడం. ఎడమకి తిప్పితే కల్పిస్తున్నట్టు."

ఫెబీ గిద్యోనుకి ఎడమవైపు చూసింది. మిరపకాయల పట్టా అంచున ఒక కోడి తిరుగుతోంది.

"చిన్నాయనా, ఆ కోడి ఎవురిది?"

"మాదేనమ్మా. కాయల మీద రెట్ట వేస్తే కృష్ణమ్మత్త నన్ను బతకనీదు. అందుకే చూస్తా ఉండా."

సురేష్ కోడిని చూశాడు. సాక్ష్యం తారుమారు చేస్తున్నదాన్ని చూసినట్టు చూశాడు.

"కోడి ఉంటే ఉండొచ్చు. సైన్సు సైన్సే."

"నేను చదివింది ఆ సైన్సే సురేష్‌గారూ. ఎడమ, కుడి అని అందులో ఎక్కడా లేదు."

"మీ కాలేజీలో చెప్పి ఉండరు." అతను తుమ్మి, కవరు సంకలో పెట్టుకున్నాడు. "మీరు చూసేదేదో చూసుకోండి. నేను మార్కాపురం వెళ్ళి ఎస్సైగారిని కలుస్తున్నాను. సాయంత్రం ఇద్దరం మీ ఆఫీసుకే వస్తాం, సంతకం అక్కడే పెడుదురుగాని. రేపు పొద్దున లారీ."

"నా ఆఫీసు చిన్నది."

"కూర్చోడానికి చోటుంటుందిగా."

అతని కారు కనుమరుగయ్యాక గిద్యోను లేచి కోడిని అదిలించాడు. లెక్క ప్రకారం అతనికి పారిపోవడానికి మంచి అవకాశం. అతను వచ్చి మళ్ళీ బకెట్టు మీదే కూర్చున్నాడు.

*

డబ్బా లోపల చెవులు పగిలే రొద. ఇనప అరల్లో మిషన్లు బారుగా నిలబడి ఊపిరాడని మనుషుల్లా గాలి పీల్చి వదులుతున్నాయి. ముందు నుంచి చల్లగాలి లోపలికి పోవాలి, వెనక నుంచి వేడిగాలి బయటికి పోవాలి. మధ్యలో ఒక మిషను తీసేస్తే ఆ సందులోంచి వేడి వెనక్కి తన్ని పక్కవాటిని మాడుస్తుంది. తాళం తీసిచ్చేటప్పుడు గిద్యోను ఆ మాటొకటి చెప్పాడు.

ఏడో మిషను స్థానంలో సందు లేదు.

ఫెబీ ఫోను లైటు వేసి చూసింది. నల్లటి రాతిపలక. మార్కాపురంలో బడిపిల్లలకు అమ్మే పలకే. చెక్క చట్రం ఊడదీసి, అంచులు అరగదీసి, ఆ అరకి అతికినట్టు కూర్చోబెట్టారు. పక్క మిషన్లు హాయిగా తిరుగుతున్నాయి.

ఆమె చాలాసేపు దాని ముందు నిలబడింది. దొంగ మనసుకి ఒక ఆకారం ఉంటుంది. లాక్కున్న వైరు, వదిలేసిన మూత, తెరిచి ఉంచిన తలుపు... వెళ్ళేవాడికి వెనక ఏమవుతుందో అక్కర్లేదని అవన్నీ చెబుతాయి. ఈ మనిషి వెళ్తూ వెళ్తూ మిగిలినవాటికి జ్వరం రాకుండా చూసి వెళ్ళాడు. ఊరెళ్ళే తల్లి పిల్లలకు అన్నం మూతపెట్టి వెళ్ళినట్టు. అలాంటి మనిషి మళ్ళీ రావాలనే వెళ్తాడు.

ఏడో మిషను వైరు ఊడదీసి, చుట్ట చుట్టి, మేకుకి తగిలించి ఉంది. చుట్టకి ఆకుపచ్చ కాగితం ముక్క ముడేసి ఉంది. పట్టుకుంటే వేళ్ళకి రంగంటింది. తోరణాలకు కత్తిరించే రంగు కాగితం.

ఆ రంగు ఆమె వేళ్ళకి కొత్తది కాదు. చిన్నప్పుడు అత్త పక్కన కూర్చుని చర్చి తోరణాలు కత్తిరించిన ప్రతిసారీ వారం రోజులు అన్నం కూడా ఆకుపచ్చగా ఉండేది. చెయ్యి పైజామాకి తుడుచుకుంది. పోలేదు.

*

బయట గిద్యోను భార్య కోటమ్మ మిరపకాయలు తిరగేస్తోంది. మొగుణ్ణి రేపు పోలీసులు తీసుకుపోతారని తెలిసిన మనిషిలా లేదు. పళ్ళు బిగబట్టి మూటను మోస్తున్న మనిషిలా ఉంది. ఫెబీ పక్కన గొంతుకూర్చుంది.

"పిన్నీ, మిషను ఎవురు దొంగిలించినారు?"

"ఎవురూ దొంగిలించలేదమ్మా. ఆ సారుకీ అదే చెప్పినా."

"మీ ఆయన?"

"ఆయన జన్మలో దొంగతనం చేయలే."

"మరి దొంగలెవరైనా బయటి నుంచి వచ్చినారా?"

"రాలేదమ్మా."

ఊళ్ళో ఎవరిని అడిగినా ఇదే మాట అన్నారని సురేష్ రిపోర్టులో ఉంది. కింద 'ఊరంతా కలిసి కట్టిన కథ' అని రాసుకున్నాడు. కోటమ్మ గొంతులో ఫెబీకి అబద్ధం వినపడలేదు. అంతకంటే వింతైనది వినపడింది. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి, అక్కడితో ఆగిపోయే జాగ్రత్త. చిన్నప్పుడు అత్త 'అన్నం తిన్నావా' అంటే 'తిన్నా' అని, ఎవరింట్లో తిన్నదో చెప్పకుండా ఊరుకునే పిల్లకి ఆ జాగ్రత్త బాగా తెలుసు. అబద్ధం పాపం. అడగనిది చెప్పకపోవడం పాపం కాదు.

పొద్దుటి నుంచీ అందరూ తప్పు ప్రశ్న అడుగుతున్నారు. తనతో సహా.

"సరే పిన్నీ. ఆదివారం పొద్దున ఎక్కడుండింది?"

"చర్చిలోనమ్మా."

"నువ్వు కాదు. మిషను."

"దాని గురించే చెప్తా ఉండా," అంది కోటమ్మ. అని, ఇన్నాళ్ళకి ఎవరో సరిగ్గా అడిగారన్నట్టు మిరపకాయల మధ్యే కూలబడి ఏడ్చింది. ఘాటుకి ఫెబీ కళ్ళు కూడా నిండాయి. దూరం నుంచి చూసిన గిద్యోనుకి ఇద్దరూ ఏడుస్తున్నట్టు కనపడి పరుగెత్తుకొచ్చాడు.

"ఇంక చెప్పెయ్," అంది కోటమ్మ. "ఆయమ్మ అడిగేసింది."

గిద్యోను నిలబడే చెప్పాడు.

"కోత పండగకు ఎవురి పంట వాళ్ళు తెచ్చి దేవుని ముందర పెడతారమ్మా. కందులు, సజ్జలు, కోడి, గుడ్డు. నాకు సెంటు నేల లేదు. మా నాయనకూ లేకుండె. ఏటా సంతలో గుమ్మడికాయ కొనకపోయి పెడతా. కొన్నదని అందరికీ తెలుసు, దానిమీద సంతవాడి సున్నం గుర్తు ఉంటాది. ఎంత తుడిచినా పోదు." నేల చూశాడు. "ఈ ఏడు ఈ డబ్బాను నేనే పండిచ్చినా అనిపిచ్చినాది. దుమ్ము తుడిచేది నేను, వేడెక్కితే చూసుకునేది నేను. దీని నీళ్ళే గదా ఊరు తాగేది. ఒకటి తీసకపోయి బల్లమీద పెట్టి, అయ్యగారు ప్రార్థన చేసినాక సోమవారం తెల్లారి తెచ్చి పెట్టేద్దామనుకున్నా. తోరణం కట్టి ముస్తాబు కూడా చేసినా."

"మరి సోమవారం ఎందుకు తేలేదు?"

"పాటలో పోయినాది."

పండగ ఆరాధన అయ్యాక బల్లమీద ఉన్నవన్నీ వేలం పాట పాడతారు, వచ్చింది చర్చికి పోతుంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే.

"పాట ఉంటాదని నీకు తెలీదా చిన్నాయనా?"

"తెలుసు. నేనెప్పుడూ ఉండను." పట్టా మీంచి జారిన కాయనొకదాన్ని లోపలికి నెట్టాడు. "నా గుమ్మడికాయను చివర్లో పెడతారు. ఎవురూ పాడరు. పెద్దాయన రెండుసార్లు, మూడుసార్లు అంటాడు, అప్పుడు ఎవురో జాలిపడి అంటారు. అది వినలేక పాట మొదలైతానే బయటికొచ్చేస్తా. మొన్న కూడా అలవాటుగా వచ్చేసినా. మళ్ళీ లోపలికి పోయేతలికి బల్ల ఖాళీ."

"పాడినవాళ్ళని అడగొచ్చు గదా?"

గిద్యోను ఆమెని వింతగా చూశాడు. "పెట్టినదాన్ని మళ్ళీ అడగతారా? ఎవురు పాడినారో కూడా నేను కనుక్కోలేదమ్మా. కనుక్కుంటే అడగబుద్ధి అయితాది."

ఫెబీకి నవ్వొచ్చింది. జైలుకి పోవడానికి సిద్ధపడ్డాడుగానీ ఇచ్చినదాన్ని తిరిగి అడగడానికి సిద్ధపడలేదు ఈ మనిషి. ఊరు ఊరంతా ఆ సిగ్గుకి కాపలా కాసింది. ఇది దొంగతనం కాదు. సురేష్ రిపోర్టు చెల్లదు. పాడుకున్న మనిషి దగ్గర నుంచి మిషను తెచ్చి పలక ఉన్నచోట పెడితే డబ్బా ఊళ్ళోనే ఉంటుంది, పిల్లల పళ్ళు తెల్లగానే ఉంటాయి. గిద్యోను అడగలేకపోతే తను అడుగుతుంది. సిగ్గుపడకుండా అడగడమేగా తన వృత్తి.

కేసు తేలిపోయిందనుకున్నప్పుడు మనిషికి కలిగే సుఖం చాలా ప్రమాదకరమైనదని ఆమె పరీక్షల్లో రాసింది కూడా. మార్కులు బాగానే వచ్చాయి.

*

పాట పాడించేది సంఘపెద్ద ఏబేలు. నీళ్ళ ప్లాంటు దగ్గర క్యాన్లు పడుతున్నాడు. పక్కన మనవరాలు ఊరికే నవ్వుతోంది, నోరంతా తెరిచి. ఏబేలు నవ్వినప్పుడల్లా తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంటాడు. ఆ వెనక పళ్ళు గోధుమరంగులో ఉంటాయి.

"తాతా, మొన్న పాటలో మిషను వచ్చినాదంట?"

"గిద్యోను చెప్పినాడా?" ఏబేలు ప్రాణం తేలికపడినట్టు క్యాను కింద పెట్టాడు. "అబ్బ, ఎంత బరువు దింపినావమ్మా. వచ్చినాది. ఏటా మా పాటలో గుడ్డుదే రాజ్యం, పంతాలకు పోయి పాడతారు. ఈసారి గుడ్డు ఓడిపోయినాది."

"అదేం మిషనని చెప్పి పాడిచ్చినావు?"

"నాకు తెలిస్తే గదా చెప్పేది? రంగు కాగితాలు చుట్టుకోనుంటే ఏమని చెప్పేది? దీవెన మిషను అన్నా. కమిటీవాళ్ళే ఇచ్చినారనుకున్నాం అందరం. గిద్యోను మొగం చూసినాక తెలిసినాది. అప్పటికే బస్సెక్కి పోయినాది."

"ఎవురు పోయినాది?"

"పాడినామె. ఊరామె కాదులే, మార్కాపురం. ఏటా పండక్కు వస్తాది. పాటలో కూర్చున్నాదంటే మొగోళ్ళు కూడా లేచి పోవాల్సిందే."

ఎండ తగ్గుతోంది. అయినా ఫెబీ చున్నీ తలమీదికి లాక్కుంది. మనసు ఒక సంగతిని గుర్తుపట్టి, గుర్తుపట్టలేదని తనకు తానే చెప్పుకునే ఆ అరక్షణం గురించి ఆమె పుస్తకాల్లో చదివింది. లోపలి నుంచి చూడటం ఇదే మొదలు.

"దేనికంట, ఆమెకు మిషను?" అంది.

"మేనగోడలు ఉండాదంట. ఏదో ఆఫీసు పెట్టుకోని ఊరందరి గుట్లూ వెతకతా ఉంటాదంట. పెండ్లి వద్దంటాదంట, ప్రార్థన చెయ్యదంట. పాపం, ఆ పిల్ల చేతికి ఏదో ఒక మిషను ఉంటే బాగుపడతాదని పాడుకున్నాది. ఏడ్చుకుంటా పాడినాదమ్మా." ఏబేలు తుండుగుడ్డ తీసి ఆమె మొహంలోకి చూశాడు. "నీకు ఎరికేనా ఆమె? మార్తమ్మ."

ఫెబీకి పలకల పెట్టె గుర్తొచ్చింది. దానిమీద తువ్వాలు గుర్తొచ్చింది. మోకాళ్ళు చాపుకుని, కుదురుగా ఉందని మెచ్చుకుని, పోయిన మిషను వెతికిపెట్టమని ఆ మిషను మీదే కూర్చుని బతిమాలిన కృష్ణమ్మ గుర్తొచ్చింది. నాలుగు రోజులుగా తను కాఫీగ్లాసు పెట్టుకున్నది కూడా దానిమీదే. దొంగసొత్తు డిటెక్టివు ఆఫీసులో ఉంది. దొంగతనం జరగలేదని ఇక తను ఎంత చెప్పినా, దొంగతో వాటా ఉన్నదని రాసుకోవడానికి సురేష్‌కి కోర్సు కూడా అక్కర్లేదు.

"ఎరికే తాతా. కొంచెం."

ఫోను మోగింది. సురేష్.

"మేడం, మీరింకా ఆ మిరపకాయల్లోనే ఉన్నారా? మేం వచ్చేశాం. కింద దుకాణం బ్రహ్మంగారు తాళం తీశారు. ఎస్సైగారు కూడా ఉన్నారు." వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. "రెండో కుర్చీకి కాలు లేదేంటండీ? ఉన్న కుర్చీ ఆయనకిచ్చి నేను ఈ మూట మీద కూర్చున్నాను."

"కూర్చోండి," అంది ఫెబీ. "హాయిగా కూర్చోండి. లేవకండి. బండి స్టార్ట్ చేస్తున్నా, వచ్చేస్తున్నా."

"అబ్బే, గట్టిగా ఉందండీ, ఏదో మూల గుచ్చుకుంటోంది. ఏముందిందులో? కుట్టు సందులోంచి ఆకుపచ్చ కాగితమేదో బయటికొస్తోంది, చూడండి, చేతికి రంగు కూడా అంటింది..." అతను ఆగాడు. తుమ్మలేదు. ఆ పొద్దున డబ్బాలో వైరు చుట్టకి చూసిన రంగుని మనిషి బుర్ర ఎంతసేపటికి గుర్తుచేసుకుంటుందో ఫెబీకి తెలుసు. ఎంతోసేపు పట్టదు.

"విప్పకండి సురేష్‌గారూ!"

"ఏం? ఎందుకని?"

అబద్ధాలు వంద దొరుకుతాయి. ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు.

"దానికి ముందు ప్రార్థన చెయ్యాలి," అంది ఫెబీ.

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, దగ్గరకొచ్చిన బూట్ల చప్పుడు వినిపించాయి. నీళ్ళ ప్లాంటు పక్కన, ఫోను చెవికి ఆనించుకుని, ఆకుపచ్చ వేళ్ళు ముడుచుకుని నిలబడ్డ ఫెబీ, చాలా ఏళ్ళ తర్వాత, నిజంగానే ప్రార్థన మొదలుపెట్టింది.

ఆమెన్ దాకా పోకముందే గోనెతాడు తెగింది.